పెట్టె మీద పెట్టె: కేంబ్రిడ్జిలో ఒక రిస్క్ పీసీ

కేంబ్రిడ్జి అనగానే కామ్ నది, కాలేజీల గోపురాలు తలపుకొస్తాయి. సెంటర్ ఫర్ కంప్యూటింగ్ హిస్టరీ మాత్రం ఆ వైభవానికి దూరంగా, కోల్డ్‌హామ్స్ రోడ్డు పక్కన గోదాములాంటి భవనంలో ఉంది. ఆ ఊళ్లోనే చిప్ డిజైన్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు తీసుకెళ్లాడు. ‘ముట్టుకోరాదు’ అనే మ్యూజియం కాదిది. చాలా యంత్రాలు ఆన్‌లోనే ఉంటాయి. కుర్చీ లాక్కుని కూర్చుని కీలు నొక్కి చూడొచ్చు.

లోపల మొదట కళ్లకు అడ్డం పడేది మెగాప్రాసెసర్. ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో కంటికి కనబడాలని 40 వేలకు పైగా విడి ట్రాన్సిస్టర్లతో జేమ్స్ న్యూమన్ కట్టిన పది మీటర్ల గోడ అది. పిల్లలు దాని ముందు నుంచి కదలరు. నేను చూడ్డానికి వచ్చింది వేరే.

దానికి ముందు బీబీసీ మైక్రోల వరస దగ్గర ఆగక తప్పలేదు. 1984-85లో మన కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద దేశంలోని దాదాపు 250 బడుల్లో కంప్యూటర్ పాఠాలు మొదలుపెట్టినప్పుడు తెప్పించిన యంత్రం ఇదే. దీన్ని తయారు చేసిన ఏకార్న్ కంపెనీ ఈ ఊరిదే. అక్కడి వాలంటీరు పెద్దాయన ఒక మైక్రోను తిరగేసి చూపించారు. అడుగున బారుగా సాకెట్లు. వాటిలో ఒకదాని పేరు ట్యూబ్. రెండో ప్రాసెసర్‌ను కేబుల్‌తో దానికి తగిలిస్తే లెక్కలన్నీ ఆ కొత్తది చేస్తుంది. కీబోర్డు, తెర, డిస్కుల సంగతి మైక్రో చూసుకుంటుంది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన తొలి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్ 26న పనిచేయడం మొదలుపెట్టింది కూడా ఇలా బీబీసీ మైక్రోకు తోడు ప్రాసెసర్‌గానే.

ఆ ఆలోచనను ఏకార్న్ పూర్తి స్థాయికి తీసుకెళ్లిన యంత్రం రిస్క్ పీసీ. 1994 ఏప్రిల్‌లో వచ్చింది. కంపెనీ లోపల వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు మెడూసా. చూడ్డానికి టిఫిన్ క్యారియర్‌లా ఉంటుంది. కింద ఒక గిన్నె, దాని మీద ఇంకోటి, పైన మూత. పెట్టె రూపం ఇచ్చినవారు అలెన్ బూత్‌రాయిడ్. బీబీసీ మైక్రోకు పెట్టె గీసిందీ ఆయనే. పెద్దాయన స్క్రూడ్రైవర్ తీయలేదు. పిన్నులు తిప్పి, మూత ఎత్తి పక్కన పెట్టారు. “బళ్లో టీచరమ్మ విప్పుకోగలగాలి. అదీ లెక్క” అన్నారు. ఒక అంతస్తు చాలకపోతే ఇంకోటి కొనుక్కుని పేర్చుకోవచ్చు. అంతస్తుకు రెండు అదనపు కార్డులు పడతాయి, డ్రైవులకూ చోటు వస్తుంది. కార్డులు గుచ్చే నిలువు పలకను మాత్రం పొడుగుది మార్చుకోవాలి.

అసలు విశేషం మదర్‌బోర్డు మీద ఉంది. ప్రాసెసర్‌ను బోర్డుకు అతికించలేదు. అది విడి కార్డు మీద ఉంటుంది. అలాంటి కార్డులకు పక్కపక్కనే రెండు స్లాట్లు. మొదటిదాంట్లో 30 మెగాహెర్ట్‌జ్ ఆర్మ్ 610. రెండోది అతిథి కోసం. అందులో విండోస్ పీసీల్లో వాడే 486 ప్రాసెసర్ ఉన్న కార్డు గుచ్చితే ఏకార్న్ తెర మీద ఒక కిటికీలో విండోస్ నడుస్తుంది. రెండు ప్రాసెసర్లూ ఒకే మెమరీని పంచుకుంటాయి.

1996లో దాదాపు 200 మెగాహెర్ట్‌జ్ స్ట్రాంగ్‌ఆర్మ్ కార్డు వచ్చింది. పాత కార్డు పీకి, కొత్తది గుచ్చి, రోమ్ చిప్పులు మార్చితే రెండేళ్ల కిందటి యంత్రం ఎన్నో రెట్లు వేగం పుంజుకుంది. పెట్టె, మెమరీ, డిస్కు, మానిటర్ అన్నీ పాతవే. ఎలక్ట్రానిక్ చెత్త గురించి ఇంత చర్చ లేని రోజుల్లోనే సాధించిన సంగతి ఇది.

“మరి ఇంత బాగుంటే ఎందుకు నిలవలేదు?” అని మేనల్లుణ్ణి అడిగాను. వాడు బోర్డు మీద ప్రాసెసర్ స్లాటుకూ మెమరీకీ మధ్య చోటు వేలితో చూపించాడు. “ఇక్కడ మావయ్యా. ఈ బస్సు నడిచేది 16 మెగాహెర్ట్‌జ్‌కే.” ప్రాసెసర్ 200కు ఎదిగినా డేటా తెచ్చే దారి, అంటే ఆ బస్సు, పాతదే. ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ క్యాష్. కావలసిన డేటా అందులో దొరికినంతసేపు స్ట్రాంగ్‌ఆర్మ్ పరుగు. దొరకనప్పుడు ఎదురుచూపు. దీనికి విరుగుడుగా కాజిల్ టెక్నాలజీ అనే కంపెనీ తర్వాత కైనటిక్ అనే కార్డు తెచ్చింది. అందులో మెమరీని కూడా ప్రాసెసర్ పక్కనే కార్డు మీదికి ఎక్కించారు. అంటే పాత దారిని బాగుచేయలేక పక్కనుంచి తప్పించుకుపోయారు. ఏ ముక్కనైనా మార్చుకోవచ్చు, ముక్కల్ని కలిపే అతుకును మాత్రం మార్చుకోలేం. 1994లో అతుకు వేగం రాసినవాళ్లే ఆ యంత్రం ఆయుష్షూ రాశారు.

తర్వాత తెర ముందు కూర్చున్నాను. స్విచ్ వేసిన కొద్ది క్షణాలకే డెస్క్‌టాప్ వచ్చేసింది. దీని ఆపరేటింగ్ సిస్టం రిస్క్ ఓఎస్ మొత్తం రోమ్‌లోనే ఉంటుంది మరి. తెర అడుగున ఐకాన్ బార్: ఎడమవైపు డిస్కులు, కుడివైపు నడుస్తున్న ప్రోగ్రాములు. ఏకార్న్ దీన్ని 1987లోనే తెచ్చింది. విండోస్‌కు టాస్క్‌బార్ వచ్చింది 1995లో. మౌస్‌కు మూడు బటన్లు: సెలెక్ట్, మెనూ, అడ్జస్ట్. పైన మెనూ బార్ ఎక్కడా లేదు. మధ్య బటన్ నొక్కితే బాణం ఉన్నచోటే మెనూ తెరుచుకుంటుంది. మెనూలో అడ్జస్ట్‌తో ఎంచుకుంటే పని జరుగుతుంది గానీ మెనూ మూసుకోదు. స్క్రోల్ బాణం మీద అడ్జస్ట్ నొక్కితే వెనక్కి జరుగుతుంది.

నన్ను తికమక పెట్టింది సేవ్ చేయడం. ఫోల్డర్లు వెతుక్కునే డబ్బా రాదు. చిన్న పెట్టెలో ఫైలు బొమ్మ వస్తుంది. దాన్ని పట్టుకుని, తెరిచి ఉన్న ఫోల్డర్‌లోకి ఈడ్చి వదలాలి. ఫోల్డర్ తెరిచి లేకపోతే ముందు తెరుచుకోవాలి. విసుగే. కానీ అదే బొమ్మను ఫోల్డర్‌లో కాకుండా వ్యాసం రాస్తున్న ఇంకో ప్రోగ్రాం కిటికీలో వదిలితే, గీసిన బొమ్మ నేరుగా ఆ వ్యాసంలోకి దిగుతుంది. ప్రోగ్రాముల మధ్య కూడా వీళ్లు ఒక స్లాట్ పెట్టారన్నమాట. ప్రోగ్రాం అంటే పేరు ముందు ఆశ్చర్యార్థకం గుర్తున్న ఒక ఫోల్డర్, అంతే. ఇన్‌స్టాల్ చేయడమంటే దాన్ని కాపీ చేసుకోవడం. ఇక్కడా బలహీనత ఉంది. ప్రోగ్రాములు వంతు పూర్తయ్యాక తమంతట తాము తప్పుకోవాలి. ఒకటి మొండికేస్తే తెరంతా బిగుసుకుపోతుంది.

1998 సెప్టెంబరులో ఏకార్న్ రిస్క్ పీసీ వారసురాలు ఫీబీని మధ్యలోనే ఆపేసి, ఆ కంప్యూటర్ల విభాగాన్నే మూసేసింది. ఉన్న మోడల్‌ను కాజిల్ ఇంకొన్నేళ్లు తయారు చేసింది. డెస్క్‌టాప్ మాత్రం పెట్టెకంటే ఎక్కువ కాలం బతికింది. 2018లో ఓపెన్ సోర్స్ అయింది. ఇదే ఊళ్లో పుట్టిన రాస్ప్‌బెర్రీ పై మీద ఇవాళా నడుస్తోంది. ఏకార్న్ ప్రయోగశాలలో పుట్టిన ఆర్మ్ సంగతి చెప్పనక్కర్లేదు. అది మన ఫోన్లలో ఉంది. ఆ ఫోన్లలో ప్రాసెసర్ మార్చుకోవడం అటుంచి, బ్యాటరీ మార్చుకోవడానికే దుకాణానికి పోవాలి.

బయటికొస్తూ ఆ మాటే అన్నాను. “మార్చడం ఆగలేదు మావయ్యా, చిప్పు లోపలికి వెళ్లింది” అన్నాడు వాడు. 1990లలో ఆర్మ్ కంపెనీ ఆంబా అనే బస్సు ప్రమాణాన్ని అందరికీ తెరిచి పెట్టింది. ఒక కంపెనీ ప్రాసెసర్‌ను, ఇంకో కంపెనీ గ్రాఫిక్స్‌ను, మూడో కంపెనీ మెమరీ కంట్రోలర్‌ను ఒకే చిప్పు మీద కూర్చగలుగుతున్నది దాని పుణ్యమే. స్లాట్లు ఇంకా ఉన్నాయి. వాటిలో ముక్కలు గుచ్చే అవకాశం టీచరమ్మ చేతినుంచి ఇంజనీరు చేతికి మారింది. రేపు ఎవరైనా మళ్లీ విప్పుకోగల కంప్యూటర్ గీయాలనుకుంటే పెట్టె అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముక్కలు కలిసే చోటు ఎంత వేగం తట్టుకోవాలి, ఆ కొలతలు ఎవరెవరికి తెలియాలి అన్నవి మొదటి రోజే తేల్చుకోవాలి.