ఒంటికి తగిన తుపాకి

ఈ శీర్షిక చూసి మన సంఘం సభ్యులెవరూ కంగారు పడవద్దు. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో లెడ్జర్లూ, లోను దరఖాస్తులూ తిరగేస్తున్నవాణ్ణి నేను. ఇంట్లో బల్లి కనిపిస్తే మా శ్రీమతిని కేకేసే బాపతు. అటువంటివాడు తుపాకుల గురించి రాయడానికి కారణం మా అమ్మాయి. ఇంజనీరింగు పూర్తిచేసి ఇక్కడే బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, రెండేళ్ళ క్రితం ట్రాప్ షూటింగ్ అనే ఆట మీద మనసు పారేసుకుంది. నెలకు రెండుసార్లు శుక్రవారం రాత్రి బస్సెక్కి హైదరాబాదులో మేనత్త ఇంట్లో దిగడం, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజిలో శని, ఆదివారాలు సాధన చేయడం, సోమవారం తెల్లవారేసరికి మళ్ళీ ఇక్కడ ఆఫీసుకు తయారవడం. ఇదీ ఆమె దినచర్య.

ఆట సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. షూటర్లు నిలబడే చోటికి 15 మీటర్ల ముందు నేలలో ఒక కందకం, అందులో 15 యంత్రాలు ఉంటాయి. నిలబడే స్థానాలు ఐదు, ఒక్కొక్క స్థానానికి మూడేసి యంత్రాలు. షూటరు తుపాకి భుజానికి ఆనించుకుని కేక వేయగానే ఆ మూడింటిలో ఒకటి చిన్న మట్టి పళ్ళాన్ని గాలిలోకి విసురుతుంది. ఎడమకా, కుడికా, సూటిగానా అన్నది ముందుగా తెలియదు. పళ్ళెం వ్యాసం 11 సెంటీమీటర్లు, బరువు 105 గ్రాములు. గంటకు 100 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దూసుకుపోతుంది. సెకను లోపల గురి కుదరాలి. ఇటువంటివి 25 అయితే ఒక రౌండు. పెద్ద పోటీల్లో ఐదు రౌండ్లు, అంటే 125 పళ్ళేలు. ఒక్కో పళ్ళేనికి రెండు తూటాలు వాడుకోవచ్చు. ఫైనల్లో మాత్రం ఒక్కటే.

"పావురాలను చంపే ఆటటగా?" అని మా అమ్మ అడిగింది. ఆవిడ ప్రశ్నలో చరిత్ర ఉంది. పూర్వం ఇంగ్లండులో పెట్టెల్లో పెట్టిన నిజమైన పావురాలను వదిలి కాల్చేవారు. ఆ పెట్టె పేరే ట్రాప్. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా బతికున్న పావురాలతో పోటీ జరిగింది. అయితే అంతకు ముందే, 1880లో, అమెరికాలో జార్జి లిగౌస్కీ అనే ఆయన మట్టి పళ్ళేలను తయారుచేశాడు. ఇప్పటి పళ్ళేలు తారు వంటి పదార్థం, సున్నపురాయి పొడి కలిపి పోతపోసినవి. పేరులో మాత్రం పావురం మిగిలింది. ఈ సంగతి విన్నాక మా అమ్మ మనవరాలికి బస్సులో తినడానికి చేగోడీలు కట్టివ్వడం మొదలుపెట్టింది.

మన దేశానికి ఈ ఆట కొత్తేమీ కాదు. బికనీర్ మహారాజా కర్ణీసింగ్ 1962లో కైరోలో జరిగిన ప్రపంచ పోటీల్లో ట్రాప్‌లో రజతం గెలిచారు. 1978 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో రణధీర్ సింగ్ స్వర్ణం గెలిచారు. ఆయన కుమార్తె రాజేశ్వరి కుమారి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇదే ఆటలో మన తరఫున నిలబడింది. మహిళల ట్రాప్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2000 సిడ్నీలో. ఇక మన తెలుగునేల విషయానికి వస్తే హైదరాబాదు కుర్రవాడు కైనాన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధులతో కలిసి జట్టుకు స్వర్ణం, తనకు వ్యక్తిగత కాంస్యం తెచ్చుకున్నాడు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న మా అమ్మాయి తరువాత కుదురుగా కూర్చోలేదు.

సొంత తుపాకి లేని రోజుల్లో రేంజిలో ఒక సీనియర్ ఆటగాడు దగ్గరుండి తన తుపాకితో సాధన చేసుకోనిచ్చేవారు. ఆయన ఆరడుగుల మనిషి. మా అమ్మాయి ఐదడుగుల మూడంగుళాలు, సన్నని ఒళ్ళు, పొడుగాటి మెడ. ప్రతి సోమవారం కుడి చెంప మీద కమిలిన మచ్చతో, భుజం కింద నీలిరంగు గుర్తుతో ఇంటికొచ్చేది. "ఏమండీ, పెళ్ళి కావలసిన పిల్ల. ఆ మొహం చూసి మనం కొడుతున్నామనుకుంటారు" అని మా శ్రీమతి బాధ. నొప్పి కంటే ఇంకో సంగతి పిల్లను కుంగదీసింది. ఆరు నెలలైనా 25కి 14, 15 దగ్గరే లెక్క ఆగిపోయింది. పైగా తూటా పేలకముందే కళ్ళు మూసుకుని ఉలిక్కిపడటం అలవాటయింది. "నాన్నా, ఈ సంవత్సరాంతానికి మానేస్తాను. నాకు చేతకాదేమో" అంది ఒకరోజు.

వాళ్ళ కోచ్ సైన్యంలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన నాతో ఫోనులో అన్న మాట ఇది: "సార్, మీ అమ్మాయికి చేతకాకపోవడం కాదు. వేరేవాళ్ళ చొక్కా వేసుకుని నాట్యం చేయమంటే ఎవరు చేస్తారు?"

ఆ వారం నేను కూడా హైదరాబాదు బస్సెక్కాను. ఆయన చెప్పినదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. రైఫిలుకు ముందొకటి, వెనకొకటి గురి చూసే అమరికలుంటాయి. ట్రాప్ తుపాకికి ముందు కొసన ఒక చిన్న పూస ఉంటుంది, కొన్నిటికి మధ్యలో ఇంకొకటి. వెనక గురి ఏదయ్యా అంటే షూటరు కన్నే! చెంపను స్టాకు మీద, అంటే తుపాకి వెనకనున్న కొయ్యభాగం మీద ఆనిస్తే, కన్ను ఎక్కడికి వస్తుందో అదే వెనక గురి. కాబట్టి ఆ కొయ్య మనిషికి సరిపోకపోతే గురి అమరిక తప్పిన తుపాకితో కాల్చినట్లే.

బి.కాం. చదివినా త్రైరాశికం మరచిపోలేదు గనుక లెక్క వేశాను. కంటినుంచి గొట్టం కొసకు దూరం సుమారు ఒక మీటరు. పళ్ళేన్ని కొట్టేది సుమారు 35 మీటర్ల దూరంలో. అంటే 35 రెట్లు. కన్ను ఒక్క మిల్లీమీటరు కిందికో పైకో జరిగితే అక్కడ మూడున్నర సెంటీమీటర్ల తేడా. అర సెంటీమీటరు జరిగితే పదిహేడున్నర. పళ్ళెమే 11 సెంటీమీటర్లు! తూటాలోని 24 గ్రాముల సీసపు గుండ్లు అక్కడికి చేరేసరికి వెడల్పుగా పరుచుకుంటాయి కాబట్టి కొంత దయ ఉంటుంది గానీ, అంచుల్లో గుండ్లు పలచబడి పళ్ళెం వాటి సందుల్లోంచి తప్పించుకుపోతుంది.

కొలతలు ముఖ్యంగా నాలుగు. మొదటిది ట్రిగ్గరు నుంచి స్టాకు చివరి దాకా పొడవు. ఇది ఎక్కువైతే మనిషి వెనక్కి వాలి, బరువు వెనక కాలి మీద పడుతుంది. తక్కువైతే బొటనవేలు వచ్చి ముక్కుకు తగులుతుంది. రెండోది చెంప ఆనే అంచు ఎత్తు. దాన్ని కోమ్ అంటారు. అది పల్లంగా ఉంటే మెడ పొడుగాటి వాళ్ళకు కన్ను గొట్టం వెనక దాక్కుంటుంది, చూడటానికి తల ఎత్తుతారు. తల ఎత్తగానే చెంపకూ కొయ్యకూ మధ్య సందు ఏర్పడి, దెబ్బ వచ్చి చెంపకే తగులుతుంది. మా అమ్మాయి మచ్చ రహస్యం ఇదే. మూడోది స్టాకు పక్కకు వంపు. కుడిచేతి వాళ్ళకు కొంచెం కుడికి, ఎడమచేతి వాళ్ళకు ఎడమకు ఉండాలి. నాలుగోది భుజానికి ఆనే మడమ వాలు. ఆడపిల్లలకు ఈ వాలు సరిపోకపోతే కింది మొన రొమ్ములో గుచ్చుకుంటుంది. మగవాళ్ళ కొలతలతో చేసిన తుపాకుల్లో ఎవరూ పట్టించుకోనిది ఇదే అని కోచ్ అన్నారు.

వీటన్నిటికీ ముందు కళ్ళ పరీక్ష. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతో దూరాన ఒక వస్తువును చూడాలి. తరువాత ఒక్కొక్క కన్నూ మూయాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే కనిపిస్తుందో అదే పెత్తనం చేసే కన్ను. కుడిచేతి వాటమై ఎడమ కన్ను పెత్తనం చేస్తుంటే ఎంత ఖరీదైన తుపాకి కొన్నా చిక్కే. అప్పుడు భుజమైనా మార్చాలి, కళ్ళద్దం మీద చిన్న ముక్కయినా అంటించాలి. అదృష్టవశాత్తు మా అమ్మాయికి రెండూ కుడివైపే.

ఇక ఎంపిక. అప్పటికి అమ్మకానికి రెండు తుపాకులున్నాయి. రెండూ 12 బోరువి, ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలున్నవి, రెండూ ఇటలీవే. ఆ దేశంలో ఈ విద్య చాలా పాతది. బెరెట్టా వారి చరిత్ర 1526 నాటి నుంచి కనిపిస్తుంది. పెరాజీ వారు ఆటగాడి కొలతలు తీసుకుని స్టాకు చేసిపెడతారు. అదంతా అంతర్జాతీయ స్థాయి వారి సంగతి. మావంటి వాళ్ళు మన దేశంలోని సీనియర్ల దగ్గర వాడినవి కొనుక్కోవడమే మార్గం.

మొదటి తుపాకి పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకులా ఉంది. పక్కల మీద వెండిరంగు చెక్కడాలు, నిగనిగలాడే అక్రోటు కర్ర. మా అమ్మాయి స్నేహితులంతా దానికే ఓటు వేశారు. ఫలానా ఛాంపియన్ వాడేది ఆ రకమేనట. రెండోది సాదా సీదాగా, నలుపు అక్కడక్కడ వెలిసిపోయి, ధరలో మొదటిదానిలో మూడింట రెండు వంతులుంది. కానీ దాని కోమ్ పైకి కిందికి జరుపుకునే రకం.

కోచ్ ముందుగా రెండూ ఖాళీగా ఉన్నాయని విప్పి చూపించారు. తరువాత అమ్మాయిని కళ్ళు మూసుకుని తుపాకి భుజానికి ఎత్తమని, కుదురుకున్నాక కళ్ళు తెరవమన్నారు. రెండు పూసలూ ఒకదాని మీద ఒకటి ఎనిమిది అంకెలా కనిపించాలట. మొదటి తుపాకితో ముందు పూసే కనబడలేదు. స్టాకు పొడవు 37.5 సెంటీమీటర్లు, ఆమెకు కావలసింది 35. తరువాత 35 మీటర్ల దూరంలో పెద్ద తెల్ల కాగితాలు కట్టించి కాల్పించారు. మొదటిదానితో గుండ్ల గుంపు ఒకసారి జానెడు కిందికి, ఒకసారి అంతకంటే పైకి. రెండోదానితో గుంపు ప్రతిసారీ ఒకేచోట పడింది, కాకపోతే కాస్త కిందికి. కోచ్ కోమ్‌ను 6 మిల్లీమీటర్లు లేపారు. నా త్రైరాశికం ప్రకారం గుంపు 21 సెంటీమీటర్లు పైకి జరగాలి. టేపు పెట్టి కొలిస్తే దాదాపు అంతే వచ్చింది! గురి కంటే కొంచెం పైకి పడటమే ఈ ఆటకు కావలసింది. పళ్ళెం పైకి లేస్తూ పోతుంది కదా.

"మొదటిది కొని కర్ర కోయించుకుంటే?" అని ఒక కుర్రాడు అడిగాడు. కోసిన కర్ర మళ్ళీ అతకదు, తిరిగి అమ్మితే ధరా రాదు అని కోచ్ జవాబు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు ఛాంపియన్ తుపాకి మనకెందుకు?

బ్యాంకు మనిషిగా నాకు ఇంకొకటి తోచింది. తుపాకి మూలధన వ్యయం, తూటాలు రెవెన్యూ వ్యయం. 125 పళ్ళేలకు 250 తూటాల దాకా ఖర్చవుతాయి. తుపాకి ఒక్కసారి కొంటాం, తూటాలు ప్రతి వారం కొంటాం. ఒంటికి సరిపోని తుపాకి ప్రతి తూటా ఖర్చునూ బూడిదలో పోస్తుంది. ఈ లెక్క రాసి చూపించాక మా శ్రీమతి తన పేరు మీదున్న ఫిక్సెడ్ డిపాజిట్టు రసీదు తానే తెచ్చి ఇచ్చింది. "కారు తరువాత మారుద్దాం లెండి. ఆ మచ్చ మాత్రం మళ్ళీ కనబడకూడదు" అంది.

చట్టం విషయం కూడా చెప్పాలి. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి కొనరాదు. నగరంలో దరఖాస్తు పోలీసు కమిషనరు కార్యాలయానికి పెట్టుకోవాలి. విచారణకు పోలీసులు ఇంటికి వస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు. మా ఎదురింటావిడ పిల్ల బుద్ధిమంతురాలని చెప్పడమే కాక వచ్చినాయనకు కాఫీ కూడా ఇచ్చిందట. అమ్మేవారు కూడా ముందుగా అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తుపాకి ఇంట్లో స్టీలు బీరువాలో, తూటాలు వేరే తాళంలో ఉంటాయి. బంధువులు ఎంత బతిమాలినా బయటికి తీసి చూపించేది లేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. మొదటి నెలలోనే చెంప మీద మచ్చ మాయమైంది. ఉలికిపాటు అంత తేలిగ్గా పోలేదు. రోజూ రాత్రి అద్దం ముందు ఖాళీ తుపాకి ఎత్తి దించడం వందసార్లు చేయించారు కోచ్. లెక్క 17, 18కి వచ్చింది. ఒక్కసారి 21 కొట్టింది. పతకాలేమీ రాలేదు, మానేస్తానన్న మాట మాత్రం మళ్ళీ వినబడలేదు.

పిల్లలు ఈ ఆటలోకి దిగుతామంటే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇదే. ముందు పిల్లను కొలవండి, తరువాత తుపాకిని చూడండి. కాగితం మీద కాల్చి చూడకుండా ఒక్క రూపాయి బయానా ఇవ్వకండి. ఒంటి మీద మచ్చ కనబడితే ఓర్చుకోమని చెప్పకండి, కారణం వెతకండి.

మన లోక్‌సభ మొదటి స్పీకరు మావలంకర్ గారు 1951లో జాతీయ రైఫిల్ సంఘాన్ని స్థాపించారు. ఆయన పేరిట జరిగే అఖిల భారత పోటీలకు మా అమ్మాయి ఇప్పుడు సిద్ధమవుతోంది. ఫలితం ఎలా వచ్చినా వచ్చే సంచికలో రెండు ముక్కలు రాస్తాను.