గురి ఉంటే చాలదు

మా వాడు ఇంటర్ మొదటి ఏడు. జనగామలో మా ఇంటి మేడమెట్ల మీద కూచుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, సెల్‌ఫోన్‌లో తుపాకులు పేలుస్తుంటాడు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించారని తెలిసి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాను. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని రానే వచ్చింది. కొబ్బరికాయ దండగ!

వీడికి రోజూ అరగంట గురి సాధన. అందుకు ఆటలోనే వేరే మైదానం ఉందట. పేలుస్తుంటే పైకెగిరే తుపాకిని వేలితో కిందికి లాగుతూ, తూటాలన్నీ ఒక్కచోటే పడేదాకా లేవడు. తీరా ఆటలో దిగాక, అయిదు నిమిషాలకే చచ్చి మొహం వేలాడేస్తాడు.

సంక్రాంతికి మానుకోట నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. మహబూబాబాద్‌ను మేమలాగే అంటాం లెండి. వాడి గురి అంతంతమాత్రం. అయినా నూరుమందిలో చివరిదాకా మిగులుతాడు.

"ఎట్లరా?" అన్నాను.

"వలయం చిన్నగైతుంటది చిన్నమ్మా. ఎటు ముడుసుకుంటదో చూసి ముందే పోయి కూసుంట. అడుగుల సప్పుడు ఇంట. కనవడ్డోన్నల్లా కాలిస్తే మన జాగ అందరికీ తెల్వదా?"

అయితే చివర ఎదురుపడ్డప్పుడు వాడూ గురి లేకే ఓడేవాడు. ఇద్దరూ జట్టు కట్టిన రోజు గెలిచి, ఇల్లు అదిరేలా గంతులేశారు. నేను నవ్వి ఊరుకున్నాను.

వేసవిలో ఫలితాలొచ్చాయి. మా వాడు లెక్కల్లో తప్పాడు. గుమ్మంలో నించున్నవాణ్ణి నించున్నట్టే కడిగేశాను. మావారు భూపాలపల్లి సింగరేణిలో పడే కష్టం, కట్టిన ఫీజు, ఆ ఫోను... ఒక్క మాటా గురి తప్పలేదు. వాడు అన్నం ముట్టకుండా మానుకోట రైలెక్కేశాడు.

రాత్రి అక్క ఫోన్ చేసింది. "తిన్నడే. పండుకున్నడు. పిలగాడు ముందే ఏడుసుకుంట వస్తే, గప్పుడేనా అనేది?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, అన్నం వడ్డించాను. మజ్జిగ పోసుకుంటూ వాడే అన్నాడు: "సప్లిమెంటరీకి ఫీజు కట్టాలమ్మా. ఈసారి రాస్త."

గురి సాధన నాకెన్నడూ అక్కర్లేదు. అదను చూసుకోవడమే ఈ వయసులో నేర్చుకుంటున్నాను.