తప్పొప్పుల పట్టిక

పాత తెలుగు పుస్తకాల చివర ‘తప్పొప్పుల పట్టిక’ అని ఒక పేజీ ఉండేది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు... నాలుగు గళ్లు. మా తాతయ్య ఏ పుస్తకం తెచ్చినా ముందు ఆ పేజీ తీసి, లోపలంతా పెన్నుతో దిద్దుకుని, అప్పుడు చదవడం మొదలుపెట్టేవారు. లెక్కల పుస్తకాలు సొంతంగా చదవడం మొదలుపెట్టాక ఆ పేజీ విలువ నాకు తెలిసొచ్చింది.

నాది మెషిన్ లెర్నింగ్ పని. రోజూ ప్రాబబిలిటీ వాడతాం గానీ, దాని పునాది మాకు ఇంజినీరింగ్‌లో చెప్పలేదు. ఆ పునాది పేరు మెజర్ థియరీ. పొడవు, వైశాల్యం అనే మాటల్ని గీతలకీ చతురస్రాలకే కాకుండా చిందరవందరగా ఉన్న బిందువుల గుంపులకు కూడా ఎలా వర్తింపజేయాలో చెప్పే శాస్త్రం. 1902లో ఫ్రాన్స్‌లో ఆన్రీ లెబెగ్ తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో దీనికి రూపం ఇచ్చాడు. 1933లో రష్యా గణితవేత్త కొల్మొగోరొవ్ ప్రాబబిలిటీని దీని మీదే నిలబెట్టాడు.

నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ ఆదివారాలు వీడియో కాల్‌లో కలిసి దీన్ని చదువుతున్నాం. ఒక ప్రొఫెసర్ తన స్టూడెంట్ల కోసం రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన నోట్స్ అది. అందులో ఒక సూత్రం దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. సెట్లు ఒకదానిలో ఒకటి ఇమిడి చిన్నవవుతూ పోతే, వాటి కొలతలు కూడా చివరికి మిగిలే భాగం కొలత దగ్గరికే చేరతాయి అని ఉంది. వినడానికి సబబుగానే ఉంది. కానీ సంఖ్యారేఖ మీద 1 నుంచి కుడివైపు ఉన్నదంతా తీసుకోండి. తర్వాత 2 నుంచి, ఆ తర్వాత 3 నుంచి... అలా పోతూ ఉండండి. ప్రతిదాని పొడవూ అనంతమే. కానీ అన్నింటిలోనూ ఉండే సంఖ్య ఒక్కటీ లేదు. అంటే చివరికి మిగిలేదాని కొలత సున్నా. అన్నీ అనంతాలే అయితే సున్నాకి ఎలా చేరతాయి?

“మామా, మనకే ఎక్కడో బుర్ర పనిచెయ్యట్లేదు. అంత పెద్దాయన రాస్తే తప్పుంటుందా?” అన్నాడు మావాడు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మేమిద్దరం ఒకే కాలేజీ. సెకండియర్‌లో బోర్డు మీద ప్లస్ బదులు మైనస్ పడిందని లేచి చెప్పింది వాడే. “అయితే నువ్వే వచ్చి క్లాస్ చెప్పు” అన్నారు సార్. క్లాసంతా నవ్వింది. బోర్డు మీద గుర్తు మాత్రం మారలేదు. అందరి నోట్సుల్లోనూ ఆ మైనస్ అలాగే ఉండిపోయింది. తర్వాత ఫైనలియర్ దాకా వాడు క్లాసులో నోరు విప్పడం నేను చూడలేదు.

అందుకే ఈసారి మెయిల్ వాడి చేతే రాయించాం. పేజీ నంబరు, వాక్యం, మా ఉదాహరణ రాసి, చివర ‘మొదటి సెట్ కొలత అనంతం కాకూడదు అనే షరతు బహుశా కావాలేమో’ అని చేర్చాడు. ఆ ‘బహుశా’ తీయించడానికి అరగంట పట్టింది. నాలుగు రోజులకి జవాబొచ్చింది. ‘మీరు చెప్పింది నిజమే. పైగా తర్వాతి అధ్యాయంలో ఒక నిరూపణ కూడా దీని మీదే ఆధారపడింది, అదీ దిద్దాలి’ అని రాశారు ఆయన. సవరణల జాబితాలో వాడి పేరు కూడా పెట్టారు. వాడు అది ఫ్యామిలీ గ్రూపులో పెడితే, వాళ్లమ్మ “దీనికి జీతం పెంచుతారా?” అని అడిగింది.

ఈ శాస్త్రానికి ఆద్యుడైన లెబెగ్ రాతలోనే ఇలాంటి తప్పు దొర్లింది. అదీ చిన్నవవుతూ పోయే సెట్ల దగ్గరే! కాగితం మీద బొమ్మలు ఉన్నాయి, వాటి నీడలు ఒక గీత మీద పడుతున్నాయి అనుకోండి. అలాంటి బొమ్మలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగం నీడా, వాటి నీడలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగమూ ఒకటేనని 1905లో ఒక పెద్ద వ్యాసంలో రాసేశాడు. అది నిజం కాదు. మాస్కోలో లూజిన్ దగ్గర చదువుకుంటున్న మిఖాయిల్ సుస్లిన్ అనే కుర్రాడు 1916లో దాన్ని పట్టుకున్నాడు. 1917లో అచ్చయిన అతని చిన్న వ్యాసంతో ‘అనలిటిక్ సెట్లు’ అనే కొత్త శాఖే మొదలైంది. పాపం, 1919లో టైఫస్ వచ్చి పాతికేళ్లు నిండకుండానే పోయాడు. 1930లో లూజిన్ ఈ విషయం మీద పుస్తకం వేస్తే, దానికి ముందుమాట రాసింది లెబెగే. ఇదంతా తన పొరపాటు నుంచే పుట్టిందని అందులో సంతోషంగా చెప్పుకున్నాడు.

ఆ మర్యాద ఇప్పటికీ ఉంది. ఫీల్డ్స్ మెడల్ అందుకున్న టెరెన్స్ టావో మెజర్ థియరీ పుస్తకం 2011లో వచ్చింది. దానికీ పాఠకులు పంపిన సవరణల జాబితా ఉంది. డొనాల్డ్ నూత్ అయితే తన పుస్తకాల్లో తప్పు చూపినవాళ్లకి 2.56 డాలర్ల చెక్కు రాసిచ్చేవాడు. చాలామంది దాన్ని మార్చుకోకుండా ఫ్రేమ్ కట్టించుకున్నారు.

గురువుల రాతల్లో తప్పులు వెతకమని నేను చెప్పడం లేదు. ఒక వాక్యం తప్పు అని చెప్పాలంటే ముందు దాన్ని రాసినవాళ్లంత శ్రద్ధగా చదవాలి. ఆ మూడు వారాల్లో ఆ ఒక్క సూత్రం మాకు వచ్చినంత గట్టిగా ఇంకేదీ రాలేదు.

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు కోడ్ పట్టుకుని వచ్చి, “నాకే అర్థం కాలేదేమో అన్నా” అంటూ నసుగుతుంటారు. నేను ముందు “ఏ లైనులో?” అని అడుగుతాను. కొన్నిసార్లు ఆ లైను వాళ్లకి వివరించాల్సి వస్తుంది. కొన్నిసార్లు ఆ లైనునే మార్చాల్సి వస్తుంది. ఏదైనా, ముందు వాళ్లు ఆ లైను మీద వేలు పెట్టి చూపించాలి కదా!