సిమెంటు గీకి సున్నం పెట్టినం

పోస్టు జర పెద్దగుంటది. తాపీ పని చేసే ఇండ్ల పిల్లలం ఈ గ్రూపుల చాలామందిమి ఉన్నం కాబట్టి రాస్తున్న.

మెదక్‌ల డిగ్రీ చదువుకుంట నేను కిరాయికి ఉండేది ఖిల్లా కింద ఒక పాత ఇంట్ల. టేకు స్తంభాలు, టేకు దూలాలు, పైన పెంకులు. బరువంతా కట్టె మీదనే. మధ్యల రాయి, మట్టి కలిపి కట్టిన గోడలు, వాటి మీద డంగు సున్నం గచ్చు. ఇంటామె ముసలవ్వ. కొన్నేండ్ల కింద పెచ్చులూడిన చోటల్లా ఒక మేస్త్రితోని సిమెంటు పూయించిందట. ఇప్పుడు నా గది గోడకు చెమ్మ పట్టి తెల్లటి ఉప్పు పొంగుతున్నది. అవ్వ కొడుకులు హైదరాబాద్‌ల ఉంటరు, "కూలగొట్టి స్లాబు వేద్దం" అంటున్నరు. అదే జరిగితే ఇంత తక్కువ కిరాయికి టౌన్‌ల ఇంకో గది నాకు దొరకదు.

బియ్యం ఇయ్యనీకి తండా నుంచి వచ్చిన బాపు ఆ గోడ చూసిండు. ఆయన ఇరవై ఏండ్ల సంది సిమెంటు పనే చేస్తడు. స్తంభం మొదట్ల చాకు గుచ్చితే, సిమెంటు తాకిన దిక్కు వేలెడు లోపలికి దిగింది. పాత సున్నం ఉన్న దిక్కు దిగనే లేదు.

ఎందుకంటే, మట్టిగోడ నేల నుంచి తేమ గుంజుకుంటది. సున్నం పూతల నుంచి ఆ తేమ మెల్లగ బయటికి ఆరిపోతది. సిమెంటు దాన్ని ఆపుతది. పోనీకి దారి లేక అది పక్కనున్న కట్టెకు పడుతది, కట్టె పుచ్చుతది. 1591ల కట్టిన చార్మినార్‌ది కూడా సున్నం గచ్చే. 2019 మే నెలల మినార్ నుంచి ఒక ముక్క ఊడిపడితే పురావస్తు శాఖోళ్లు సున్నంతోనే బాగుచేసిండ్రు.

టౌన్‌ల సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఒకాయన ఉన్నడు, పని మానేసి ఏండ్లయింది. బాపు పోయి "కాకా, నువ్వు కూసొని చెప్పు, నేను చేస్త" అన్నడు. సుత్తి పిడితో కొట్టి చూసి, బోలుగ మోగిన చోటల్లా ఊడదీసిండ్రు, సిమెంటంతా గీకిండ్రు. సున్నపు గడ్డలు నీళ్లల్ల వేస్తే కుతకుత ఉడికినయి (కండ్లు పదిలం తమ్ముళ్లూ, మీద పడితే కాలుతది). నెల రోజులు నానినంక జల్లించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు. పాతకాలంల ఎద్దులు తిప్పే గానుగల రుబ్బేటోళ్లు. మాకు ఎద్దులేడివి, కట్టె మొద్దుతో దంచుడే. నా చేతులు బొబ్బలెక్కినయి. పుచ్చిన మొదలు కోసి వడ్లాయన కొత్త టేకు ముక్క అతికిండు. గోడ తడిపి సన్నగ ఒక పూత, అది గట్టిపడ్డంక ఇంకోటి. ఎండ తగలకుండ తడి గోనె సంచులు కప్పినం. స్తంభానికి, గచ్చుకు మధ్య సన్నటి సందు వదలమన్నడు కాకా. కట్టె వానకు ఉబ్బుతది, ఎండకు కుంచుకపోతది, అతుక్కుంటే గచ్చు పగులుతది.

సిమెంటైతే నాలుగు రోజుల పని. ఇది నెలన్నర దాటింది. కూలి లెక్కగడితే బాపుకు గిట్టలే. అవ్వ కొంత ఇచ్చింది, మిగతాది నా కిరాయిల పట్టుకొమ్మన్నది. కొడుకులు దసరాకు వచ్చి గోడ తడిమి చూసిండ్రు, ఇప్పటికైతే కూలగొట్టుడు మాట ఎత్తలే. పక్క గల్లీల ఇంకో పాత ఇల్లు గలాయన బాపును పిలిచి రేటు అడిగిండు. బాపు సిమెంటు కూలికి రెండింతలు చెప్పిండు. ఆలోచిస్త అన్నడు ఆయన.