ఈ ఉగాదికి ఏ నాటకం వేద్దాం?

పోయిన ఉగాదికి మన సంఘం వేదిక మీద శ్రీకృష్ణ రాయబారం పద్యాలు పాడించాం. వచ్చిన కళాకారుడు మంచి గాత్రం ఉన్నవాడు. రాగం అందుకున్నప్పుడల్లా ముందు వరసలో కూర్చున్న మా వయసు వాళ్లం నలుగురైదుగురం చప్పట్లు కొట్టాం. వెనక వరసల్లో పిల్లలు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. మా తమ్ముడి కూతురు మాత్రం కాసేపు శ్రద్ధగానే విని, నా చెవి దగ్గరకొచ్చి, "పెద్దనాయనా, ఆయన పాడేది తెలుగేనా?" అని అడిగింది.

ఆ పిల్ల ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడుతుంది. వాళ్ల అవ్వతో పోట్లాడేదీ తెలుగులోనే. చదవడం మాత్రం రాదు. కోవిల్‌పట్టిలోనూ విరుదునగర్‌లోనూ మన ఇళ్లల్లో చాలామంది పరిస్థితి ఇదే. నోట్లో తెలుగు, చేతిలో తమిళం. మన పెద్దలు తెలుగు దేశం వదిలి ఈ కరిసల్ నేలకు వచ్చిన కథను పక్కనున్న ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన ఇంటి మాట తెలుగే, రాసింది తమిళంలో. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఈనాటి తెలుగు రచయిత ఏం రాస్తున్నాడో మన పిల్లలకు తెలియాలంటే వాళ్లకు ఉన్న దారి చెవి ఒక్కటే. అందుకే పద్యనాటకం మీద ఎంత ప్రేమ ఉన్నా, ఈసారి మన కాలపు రచయిత రాసిన, మాట్లాడే తెలుగులో ఉన్న నాటకం వేద్దామని కమిటీలో ప్రతిపాదించాను. పాటిబండ్ల ఆనందరావు గారి 'పడమటి గాలి' పేరు చెప్పాను.

ఈ నాటకాన్ని నేను ఒంగోలులో పనిచేస్తున్నప్పుడు చూశాను. ఆ వైపు పరిషత్తు పోటీలంటే జనానికి ఇప్పటికీ మోజు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు నాటి నుంచి వస్తున్న అలవాటు అది. పోటీలకు ఎక్కువగా గంటసేపు ఆడే నాటికలు వస్తాయి. 'పడమటి గాలి' అలాంటిది కాదు, పూర్తి నిడివి నాటకం. ప్రపంచీకరణ వచ్చి ఒక పల్లెను, సేద్యాన్ని, ఇంట్లో మనుషుల మధ్య ఉన్న బంధాలను ఎలా కదిలించిందో చెబుతుంది. పాత్రలు పల్లెటూళ్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడతాయి.

ఆ రోజు మధ్యాహ్నం నేను బ్రాంచిలో పంట అప్పుల నోటీసుల మీద సంతకాలు పెట్టాను. ఎన్నో లెక్క పెట్టలేదు. బీకాం చదివినవాడిని, నాకు అవి ఖాతా నంబర్లు, బాకీ తేదీలు, అంతే. సాయంత్రం స్నేహితుడు బలవంతం చేస్తే నాటకానికి వెళ్లాను. సగం అయ్యేసరికి నా పక్కన కూర్చున్న పెద్దాయన తలపాగా గుడ్డతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన పేరు మీద కూడా నేను సంతకం పెట్టి ఉంటానా అన్న అనుమానం వచ్చింది. తర్వాత నాటకం సరిగా చూడలేకపోయాను. మా నాయన పత్తి వేసి నష్టపోయి రెండెకరాల కరిసల్ నేల అమ్మిన సంవత్సరం గుర్తుకొచ్చింది. ఒంగోలు నల్లరేగడికీ మన కరిసల్‌కీ రంగొకటే. అక్కడ పత్తి, మిరప, పొగాకు. ఇక్కడ పత్తి, మిరప, మినుము. మర్నాడు బ్యాంకుకు వెళ్లి ఆ నోటీసులు ఆపానా అంటే, ఆపలేదు. ఆపే అధికారం నాకు లేదు. కానీ వచ్చిన రైతును కూర్చోబెట్టి మాట్లాడడం ఆ తర్వాతే నేర్చుకున్నాను.

కమిటీలో ఇదంతా చెప్పలేదు. "పండగ పూట ఏడుపు నాటకం ఏమిటండీ" అన్నారు ఒకరు. న్యాయమైన మాటే. పాత్రలు ఎక్కువ, మనవల్ల కాదన్నారు ఇంకొకరు. పాత్రలు ఎక్కువ కావడమే మనకు మేలని నేనంటాను. పదిమంది నటిస్తే పది ఇళ్ల వాళ్లు చూడడానికి వస్తారు! పండగ నాడు వద్దనుకుంటే ఆ తర్వాతి ఆదివారం వేద్దాం. ఉగాది నాడు పిల్లల చేత తనికెళ్ల భరణి గారి 'కొక్కొరోకో' గానీ 'గార్దభాండం' గానీ వేయించవచ్చు. దేనికైనా రచయిత అనుమతి అడిగి తెచ్చుకోవాలి. ఆ ఉత్తరం నేను రాస్తాను.

అసలు చిక్కు వేరే ఉంది. నటించేవాళ్లలో సగం మందికి పాఠం తమిళ లిపిలో రాసి ఇవ్వాలి. అందులో క, గ రెండింటికీ అక్షరం ఒకటే. పరీక్షగా నేనే నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. "గడప దాటి పోయాడు" అన్న చోట ఒక కుర్రాడు "కడప దాటి పోయాడు" అని చదివాడు. ఇంకొకడు నాటకం పేరు చూసి "పడమటి కాలి" అన్నాడు. తమిళంలో కాలి అంటే ఖాళీ. పడమట ఏం ఖాళీ అయిందని అందరూ నవ్వులే నవ్వులు.

దీనికి దారి చూపింది విరుదునగర్ నుంచి వచ్చిన ఒక పిన్నిగారు. తమిళ లిపిలో అచ్చయిన విష్ణుసహస్రనామం పుస్తకం సంచీలోంచి తీసి, "క మీద 3 అంకె వేస్తే గ అవుతుంది కదయ్యా, మేం రోజూ చదివేది అట్లాగే" అన్నారు. ఇన్నేళ్లుగా మా ఇంట్లోనూ ఉన్న పుస్తకమే, నాకు తోచలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి భోజనాలయ్యాక మొదటి రంగం అంకెలు వేసి రాస్తున్నాను. రాసినంత మా అమ్మకు చదివి వినిపిస్తున్నాను. మొన్న వింటూ వింటూ, "ఇది మన ఇంటి కతే కదరా, వాళ్లకెట్ల తెలిసె?" అంది. నేల అమ్మిన సంగతి ఆమె ఎత్తి చాలా ఏళ్లయింది.

వచ్చే నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం కోవిల్‌పట్టిలో మా ఇంట్లోనే తొలి చదువు. విరుదునగర్ వాళ్లకు రైల్లో గంట ప్రయాణం. దారిలో సాత్తూరు కారసేవు ఎవరైనా పట్టుకొస్తే కాదనం. ఆడపాత్రలకు ఆడవాళ్లే కావాలి. తెలుగు చదవడం రాదని ఎవరూ ఆగవద్దు, అంకెలు వేసిన కాగితాలు సిద్ధంగా ఉంటాయి.