సరోజినీ నగర్‌లో నాలుగు రోజుల కాపురం

ఢిల్లీ చూడబోయే తెలుగువారికి బస విషయంలో స్థిరపడిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. రైలు దిగినవారు పహాడ్‌గంజ్‌లోనో, కరోల్ బాగ్‌లోనో ఒక హోటలు గది తీసుకుంటారు. పలుకుబడి గలవారు అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్‌లో దిగుతారు. బంధువులున్నవారికి బంధువుల ఇల్లు ఉండనే ఉన్నది. మొన్న ఫిబ్రవరి నెలాఖరులో మా అమ్మగారితో కలిసి నాలుగు రోజుల కోసం ఢిల్లీ వెళ్ళినప్పుడు ఈ మూడింటినీ కాదని, సరోజినీ నగర్ పక్కనే అయిదు గదుల చిన్న అతిథి గృహంలో దిగాను. అందుకు కారణం ఎర్రకోట కాదు, కుతుబ్ మీనార్ కాదు. డెబ్బయ్యారేళ్ళ మా అమ్మ ఒకే ఒక్క కోరిక కోరింది: "మన క్వార్టరు పడగొడుతున్నారట. ఒక్కసారి చూసి వద్దాం నాయనా!"

మా నాన్నగారు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు. 1972 నుంచి 1998 వరకు, ఇరవయ్యారేళ్ళు మా కుటుంబం సరోజినీ నగర్‌లోని ప్రభుత్వ క్వార్టరులో ఉన్నది. నేను పుట్టి పెరిగింది అక్కడే. నాన్నగారు మూడేళ్ళ క్రితం కాలం చేశారు. ఆయన ఫొటో ఒకటి చీరల మధ్య భద్రంగా పెట్టుకుని అమ్మ ప్రయాణమైంది.

దారిలో ముగ్గురు మనవాళ్ళు

ఒకప్పుడు ఢిల్లీ అంటే రైలు ప్రయాణమే. హైదరాబాదు నుంచి వెళ్ళేవారికి 1976లో ఏ.పి. ఎక్స్‌ప్రెస్ వచ్చింది. అదే రైలుకు 2015 నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అని పేరు. ఈసారి మేము విమానంలో వెళ్ళాం. విమానాశ్రయం నుంచి మెట్రో రైలెక్కి ధౌలా కువాఁలో దిగి, పొడవైన ఆకాశవంతెన మీదుగా నడిచి ఇంకొక మెట్రో లైను అందుకోవాలి. కదిలే బాట ఉన్నందువల్ల పెద్దవారికి అంత కష్టం కాదు.

ఆ వంతెన చివర ఉన్న స్టేషను పేరు చదివి అమ్మ ఆగిపోయింది: దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలై, ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పిన మన దుర్గాబాయమ్మే. తరువాతి స్టేషను పేరు సర్ విశ్వేశ్వరయ్య మోతీబాగ్. మూసీ వరదల అనంతరం హైదరాబాదు రక్షణకు పథకం వేసిన ఇంజనీరు ఆయన. ఇంటిపేరైన మోక్షగుండం ఆంధ్రదేశపు గ్రామమే. ఆపైన భికాజీ కామా ప్లేస్. దాని తరువాత సరోజినీ నగర్.

సరోజినీ నాయుడు 1879లో హైదరాబాదులో జన్మించిన బెంగాలీ ఆడపడుచు. డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడి తెలుగువారి కోడలైంది. 1898లో మద్రాసులో ఆ కులాంతర వివాహాన్ని జరిపించినవారు వీరేశలింగం పంతులుగారు. "మొదటిసారి వచ్చినప్పుడు మీ నాన్నగారు ఈ సంగతే చెప్పి నాకు ధైర్యం చెప్పారు. మనం వెళ్ళేది మన కోడలి పేరున్న ఊరికే, భయపడకు అన్నారు," అని అమ్మ నవ్వింది.

అయిదు గదుల ఇల్లు

మేము దిగిన అతిథి గృహం రింగ్ రోడ్డుకు అవతల, చెట్ల నీడ దట్టంగా ఉన్న ఒక వీధిలో ఉన్నది. బయట పెద్ద బోర్డు లేదు. గేటు తీయగానే కుండీలలో బంతి, గుమ్మం మీదుగా మేడపైకి పాకిన కాగితపు పూల తీగ. లోపల హాలులో ఇంటివారి పాత పుస్తకాల బీరువా, చేతితో తిప్పే కుట్టుమిషను, గోడనిండా కుటుంబ ఛాయాచిత్రాలు. గదులు అయిదూ అయిదు రకాలు. ఒకదానిలో ఫుల్కారీ దుప్పటి, ఇంకొకదానిలో జైపూరు అద్దకపు తెరలు. మా గది కిటికీ తెరిస్తే ఎదురుగా ఆకులన్నీ రాలి ఎర్రటి పూలతో నిండిన బూరుగు చెట్టు.

ఇటువంటివాటిని ఇప్పుడు బొటీక్ హోటళ్ళు అంటున్నారు. ఫ్రెంచి భాషలో బొటీక్ అంటే చిన్న దుకాణం. 1984లో న్యూయార్కులో మోర్గాన్స్ అనే హోటలును ప్రారంభించినవారిలో ఒకరైన స్టీవ్ రుబెల్, పెద్ద హోటళ్ళు అన్నీ దొరికే బజారు వంటివైతే తమది ఏరి కూర్చిన చిన్న కొట్టు వంటిదని పోల్చాడంటారు. అప్పటి నుంచి ఆ మాట ప్రపంచమంతా వ్యాపించింది. ఢిల్లీలో ఈ పద్ధతికి మరొక ఊతం దొరికింది. 2010 కామన్‌వెల్తు క్రీడలకు రాబోయే అతిథుల బస కోసం, ఇంటి యజమానులు తమ ఇంట్లోనే కొద్ది గదులను యాత్రికులకు ఇచ్చుకునేందుకు 2007లో ఢిల్లీ ప్రభుత్వం చట్టం చేసింది. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండడం దాని ముఖ్య నియమం. హోటలుకూ ఇంటికీ మధ్య తేడా అంతా ఆ నియమంలోనే ఉన్నది.

మా ఇంటి యజమానురాలు ఎనభై దాటిన పంజాబీ వృద్ధురాలు. వచ్చిపోయేవారంతా ఆమెను 'బీజీ' అని పిలుస్తారు. ఆమె తండ్రి 1947లో రావల్పిండిలో ఇల్లు వదలి, తాళంచెవి మాత్రం జేబులో వేసుకుని వచ్చాడట. పిల్లలు విదేశాలలో స్థిరపడగా ఖాళీ అయిన గదులను ఆమె అతిథులకు ఇస్తున్నది. ఉదయం అందరికీ ఒకే బల్ల మీద ఫలహారం: ముల్లంగి పరోటాలు, గడ్డ పెరుగు, నిమ్మకాయ ఊరగాయ, కంచు గ్లాసులలో అల్లం టీ. లోపాలు లేవని కాదు. లిఫ్టు లేదు. రెండవనాటి ఉదయం గీజరు మొరాయిస్తే వంటింట్లో కాచిన నీళ్ళు బకెట్లతో పైకి తెచ్చారు. పెద్ద హోటలైతే నేను ఫోనులో ఫిర్యాదు చేసి ఉండేవాణ్ణి. ఇక్కడ అమ్మ కిందికి వెళ్ళి బీజీతో కలిసి పొయ్యి దగ్గర నిలబడింది. ఇద్దరూ తమ కాలపు బొగ్గుల కుంపట్ల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు.

పేర్ల ఊరు

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రాజధానికి తరలివచ్చిన వేలాది ఉద్యోగులకు ఇళ్ళు కావలసివచ్చాయి. అప్పటి నగరానికి దక్షిణాన వరుసగా కాలనీలు వెలిశాయి. సరోజినీ నగర్‌కు తొలి పేరు వినయ్ నగర్. చుట్టుపక్కల నేతాజీ నగర్, నౌరోజీ నగర్, లక్ష్మీబాయి నగర్, కిద్వాయి నగర్. స్వాతంత్ర్య చరిత్రంతా వీధి వీధికీ పరచినట్లుండేది.

రెండంతస్తుల ఇటుక కట్టడాలు, వాటి మధ్య చదరపు పచ్చిక మైదానం, అంచుల వెంట వేపచెట్లు, నేరేడు చెట్లు. మా క్వార్టరులో రెండు గదులు, ఒక వంటిల్లు, వెనుక చిన్న వరండా. వేసవి రాత్రులలో మైదానమంతా నవారు మంచాలతో నిండిపోయేది. ఒక మంచం మీద తమిళం, పక్క మంచం మీద బెంగాలీ, ఆ పక్కన గఢ్వాలీ వినబడేవి. తెల్లవారుజామున ఢిల్లీ పాల పథకం బూతు ముందు ఖాళీ సీసాలతో వరుస. వినాయకుడి గుడిలో దక్షిణాది పద్ధతిలో పూజ. పండుగ రోజున మా పులిహోర పై అంతస్తుకు వెళితే, అక్కడి పాయసం మా ఇంటికి దిగివచ్చేది.

ఇంత అనుబంధం పెంచుకున్నా, అది మా ఇల్లు కాదు. నాన్నగారు ఆ సంగతి ఒక్కనాడూ మరువలేదు, మమ్మల్ని మరువనివ్వలేదు. గోడకు మేకు కొట్టనిచ్చేవారు కాదు. "ఇది సర్కారువారి గోడ. రేపు ఇంకొకరు వస్తారు. వారికి కన్నాలు అప్పగిస్తామా?" అనేవారు. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది. దేవుడి పటాలు అలమరలో ఉండేవి. పెళ్ళినాటి ఫొటో ట్రంకు పెట్టెలోనే ఇరవయ్యారేళ్ళు గడిపింది. ఇల్లు ఖాళీ చేసిన రోజున తనిఖీకి వచ్చిన ఉద్యోగి గోడలు చూసి ఆశ్చర్యపోయాడని నాన్నగారు గర్వంగా చెప్పుకునేవారు. అమ్మ మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళేది.

రేకుల గోడ వెనుక

రెండవనాడు సరోజినీ నగర్‌కు నడిచి వెళ్ళాం. ఢిల్లీలో ఏడు పాత కాలనీలను పునర్నిర్మించాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. సుమారు 13 వేల పాత ఇళ్ళ స్థానంలో దాదాపు రెట్టింపు ఇళ్ళు కట్టాలని, భూమిలో కొంత భాగాన్ని వాణిజ్య భవనాలకు వినియోగించి ఆ సొమ్ముతోనే ఖర్చు రాబట్టుకోవాలని పథకం. 2018 జూన్‌లో వేలాది చెట్లు నరకబోతున్నారని తెలిసి, ఢిల్లీవాసులు సరోజినీ నగర్ వీధులలో చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు. ఢిల్లీ హైకోర్టు నరకడాన్ని ఆపించింది. తరువాత పథకంలో మార్పులు వచ్చాయి.

ఈ మార్పును తప్పు అనడం నాకు సాధ్యం కాలేదు. పాత ఇళ్ళు శిథిలమైనవి. క్వార్టరు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉండే ఉద్యోగులు నాన్నగారి రోజులలోనూ ఉన్నారు. అయినా ఎత్తయిన రేకుల కంచెలు, వాటి వెనుక ఆకాశాన్నంటే భవనాలు చూసినప్పుడు, నేను పుట్టిన ఊళ్ళో నాకే దారి తెలియలేదు.

దారి కనిపెట్టింది అమ్మే. వినాయకుడి గుడి దగ్గర చెప్పులు విడిచి నమస్కరించి, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ నడిచింది. రోజూ నడిచిన దారి కాళ్ళకు గుర్తున్నది కాబోలు, ఒక గేటు ముందు ఆగి "ఇదే" అన్నది. కాపలా మనిషి మర్యాదస్థుడు. లోపలికి పంపలేనని చెబుతూనే గేటు ఒక మూర తెరిచి పట్టుకున్నాడు. లోపల ఇసుక గుట్టలు, ఇనుప చువ్వలు, వాటి మధ్య ఒంటరిగా ఒక వేపచెట్టు. అది మా వరండా వెనుక చెట్టో కాదో ఇద్దరం చెప్పలేకపోయాం. "ఏదైతేనేం, వేపచెట్టే కదా," అన్నది అమ్మ.

బజారు సందడి

అక్కడి నుంచి మార్కెట్టుకు వెళ్ళాం. దేశమంతటా సరోజినీ నగర్ పేరు తెలిసింది ఈ మార్కెట్టు వల్లనే. విదేశాల కోసం కుట్టి, మిగిలిపోయినవో, చిన్న లోపం వల్ల తిరస్కరింపబడినవో అయిన దుస్తులు ఇక్కడ గుట్టలు పోసి అమ్ముతారు. పేరున్న కంపెనీల చీటీలను సగానికి కత్తిరించి ఉంచుతారు. కుట్టు, గుండీ, జిప్పు చూసుకోవడం, చెప్పిన ధరలో సగం నుంచి బేరం మొదలుపెట్టడం కొనేవారి బాధ్యత. "భయ్యా, ఠీక్ లగావో" అంటూ పాతికేళ్ళ తరువాత అమ్మ నోట ఆ హిందీ వినగానే నాకు బాల్యం ఎదుట నిలిచింది. ఎనిమిది నిమిషాల వాదన తరువాత బీజీ కోసం ఒక ఉన్ని శాలువా కొన్నది.

ఈ సందడి మధ్యనే ఒక మౌన స్థలం ఉన్నది. 2005 అక్టోబరు 29 సాయంత్రం, దీపావళి కొనుగోళ్ళ రద్దీలో ఢిల్లీలో మూడుచోట్ల బాంబులు పేలి అరవైమందికి పైగా మరణించారు. ఎక్కువమంది చనిపోయింది ఈ మార్కెట్టులోనే. వారి స్మారకం ముందు అమ్మ క్షణం నిలబడి చేతులు జోడించింది. పక్కనే గాజుల బండివాడు గిరాకీని పిలుస్తూనే ఉన్నాడు.

ఒక మేకు

ఆ సాయంత్రం గదికి చేరగానే అమ్మ నాన్నగారి ఫొటో తీసి బల్ల మీద పూలగిన్నెకు ఆనించింది. అది జారింది. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ జారింది. శాలువా అందుకుని కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిన బీజీ అది గమనించి, ఏమీ అనకుండా వెళ్ళి ఒక సుత్తి, ఒక మేకు తెచ్చింది.

అమ్మ కంగారు పడింది. "వద్దు వద్దు! గోడ పాడైపోతుంది. మేము ఎల్లుండి వెళ్ళిపోయేవాళ్ళం."

"అందరమూ వెళ్ళిపోయేవాళ్ళమే. గోడలున్నది మరెందుకు?" అన్నది బీజీ.

ఆమె సుత్తిని నాకు కాక అమ్మ చేతికిచ్చింది. మొదటి రెండు దెబ్బలు బెదురుగా పడ్డాయి. మూడవ దెబ్బకు మేకు దిగింది. అమ్మ ఫొటో తగిలించి, మంచం అంచున కూర్చుని చాలాసేపు చూసింది. "మీ నాన్నగారు చూస్తే కోప్పడేవారు," అన్నది. ఆ తరువాత చిన్నపిల్లలా నవ్వింది.

మిగిలిన రోజులలో లోడీ తోట, సఫ్దర్‌జంగ్ సమాధి, 1977లో ఆరంభమైన రైలు మ్యూజియం, హస్తకళల బజారైన దిల్లీ హాట్ చూశాం. ఇవన్నీ ఆ ప్రాంతానికి దగ్గరలోనే ఉన్నాయి. వెళ్ళదలచినవారు ఫిబ్రవరి, మార్చి నెలలనో, నవంబరునో ఎంచుకోవడం మేలు. సరోజినీ మార్కెట్టుకు సోమవారం సెలవు. చిన్న అతిథి గృహాలలో దిగేవారు మెట్లు ఎన్ని, వేడినీళ్ళ ఏర్పాటు ఏమిటి, ఇంటివారు అక్కడే ఉంటారా అన్న మూడు ప్రశ్నలు ముందుగా అడగాలి. మూడవ ప్రశ్నకు అవునని జవాబు వస్తే మొదటి రెండింటి విషయంలో కొంత సర్దుకుపోవచ్చునని నా అనుభవం.

బయలుదేరే ఉదయం నేను ఫొటో దించి, మేకు కూడా పీకబోయాను. బీజీ వారించింది. "ఉండనీ బేటా. మళ్ళీ వచ్చినప్పుడు మీ అమ్మకు కావాలి కదా!"

ఇరవయ్యారేళ్ళు ఢిల్లీలో కాపురం చేసి, కన్నం లేని గోడలు అప్పగించి వచ్చిన మా అమ్మకు ఆ నగరంలో తనదని చెప్పుకోవడానికి ఇప్పుడు ఒక మేకు ఉన్నది.