పసుపు గోడ

టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. జర్మనీలోని డార్ట్‌మండ్ ఫుట్‌బాల్ స్టేడియంలో తొలిసారి కూర్చున్నాక నా చూపు బంతిని వదిలేసింది. ఎక్కడో దూరంగా ఒక డిఫెండర్ చెయ్యి ఊపుతూ తోటివాళ్లను ముందుకు జరుపుతున్నాడు. సగం ఆట అక్కడుంది, ఇన్నేళ్లూ నాకు కనబడనే లేదు!

గోల్ వెనక దక్షిణపు స్టాండులో దాదాపు 25,000 మంది నిలబడే చూస్తారు. దాన్నే 'పసుపు గోడ' అంటారు. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగి చనిపోయిన విషాదం తర్వాత ఇంగ్లండు పెద్ద క్లబ్బులు ఇలాంటి స్టాండులు తీసేశాయి. జర్మనీ ఉంచుకుంది, మంచిపని చేసింది. నిలబడే టికెట్టు చవక. ఒకప్పటి బొగ్గు, ఉక్కు కార్మికుల ఊళ్లో కుర్రాళ్లు ఆటకు రాగలగాలి కదా.

గోల్ పడగానే అనౌన్సర్ ఆటగాడి పేరు అరుస్తాడు, ఇంటిపేరు జనం అందుకుంటారు. మొదటిసారి విన్నాను. రెండోసారికి నేనూ గొంతు కలిపాను.